మంచు తరుగు

అమ్మ కిడ్నీ కొడుక్కి సరిగ్గా సరిపోతుందని తేలిన రోజునే, అమ్మ ఒళ్ళు మాత్రం ఆపరేషన్‌కి పనికిరాదని కూడా తేలింది. బెల్‌గ్రేడ్‌లో పెద్ద సర్జన్ కాగితాలన్నీ తిరగేసి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "రక్తం కలిసింది, గుండె బాగుంది, షుగర్ లేదు. బరువొక్కటే అడ్డం. తొంభై కిలోలకి దిగి రండి, మూడు వారాల్లో ఆపరేషన్ చేసేస్తాను. తొంభై దాటితే మాత్రం మీ మీద కత్తి పెట్టను. ఒకర్ని బతికించబోయి ఇద్దర్ని పోగొట్టుకోలేను," అన్నాడు. అప్పటికి మిలుంక బరువు నూట పదిహేడు.

నిజానికి ఆ బరువు వాళ్ళ ఊళ్ళో వింతేమీ కాదు. అరిల్యె కొండల్లో యాభై దాటిన ఆడవాళ్ళు సగం మంది అలాగే ఉంటారు, మిగతా సగం ఆ దారిలోనే ఉంటారు. పొద్దున్నే కైమాక్ మీగడ దట్టంగా పూసిన రొట్టె, మధ్యాహ్నం పంది మాంసంతో ఉడికిన క్యాబేజీ, మధ్యలో ఎవరి గడప తొక్కినా ఓ చెంచాడు తీపి, ఓ చిన్న గ్లాసు రకియా సారా. వద్దంటే ఇంటావిడ వారం రోజులు మొహం ముడుచుకుంటుంది. అక్కడ మనిషి సన్నబడ్డాడంటే జబ్బు చేసినట్టే లెక్క.

జబ్బు చేసినవాడు రేల్యా. మిలుంక ఒక్కగానొక్క కొడుకు, ఇరవయ్యారేళ్ళవాడు. గడ్డకట్టించిన రాస్ప్‌బెర్రీలు నింపుకుని జర్మనీ దాకా లారీ తోలేవాడు. రెండేళ్ళ క్రితం కాళ్ళు వాచాయి, తర్వాత మొహం వాచింది, చివరికి రెండు కిడ్నీలూ చేతులెత్తేశాయి. అప్పటినుంచి వారానికి మూడు రోజులు పట్నంలో డయాలసిస్ మంచం మీద. తండ్రి ట్రాక్టర్ బోల్తాపడి పోయినప్పుడు వాడికి తొమ్మిదేళ్ళు. వాడు తప్ప మిలుంకకి లోకం లేదు.

బరువు తగ్గే ఇంజెక్షన్ సంగతి ఆమెకి చెప్పింది గ్రోజ్దా. పక్కింటి మనిషి, నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. రేల్యాకి బాప్తిస్మం ఇప్పించినప్పుడు వాణ్ణి చేతుల్లో పట్టుకున్నది ఆవిడే కాబట్టి, అక్కడి పద్ధతి ప్రకారం ఆడవాళ్ళిద్దరూ ఒకరినొకరు 'కుమా' అని పిలుచుకుంటారు, రేల్యాకి కూడా ఆవిడ కుమాయే. ఆ వరస సొంత అక్కచెల్లెళ్ళ కంటే గట్టిది.

"ఉజిత్సెలో ఓ లేడీ డాక్టరుందట కుమా. పెన్ను లాంటి సూది ఇస్తుందట. వారానికోసారి పొట్టలో పొడుచుకుంటే చాలు, ఆకలే ఉండదట. మా ఆడపడుచు కూతురు పెళ్ళికి ముందు వేయించుకుంది. అది పీపాలా ఉండేదా, పుల్లలా అయింది."

"పెళ్ళయిందా?"

"అయింది. మళ్ళీ పీపా అయింది. నీకు పెళ్ళి కాదుగా కావాల్సింది, వెళ్ళు!"

డాక్టర్ సెంక తన తూకం మీద మిలుంకని నిలబెట్టి నూట పదిహేడు అని రాసుకుంది. నీలం మూత పెన్నులు రాసిచ్చింది. ఆ మందు ఖరీదు సంగతి ఇక్కడెందుకు గానీ, మిలుంక ఒక్కమాట కూడా బేరమాడకుండా తెచ్చుకుంది.

మొదటి ఆదివారం పెన్ను చేత్తో పట్టుకుని ఆమె వంటింట్లో పావుగంట నిలబడింది. కోడిని కోయడానికి జంకని మనిషి, తన పొట్టలో ఇంత సన్నం సూది గుచ్చుకోలేకపోయింది. రేల్యా సోఫాలోంచి లేచి వచ్చాడు.

"ఇలా ఇవ్వమ్మా. నన్ను వారానికి మూడుసార్లు పొడుస్తారు, అదీ మేకులాంటి సూదులతో. నాకూ ఒకళ్ళని పొడిచే ఛాన్సు రావద్దూ?"

"మెల్లిగారా!"

"ఊపిరి బిగబట్టకు. అటు చూడు. గ్రోజ్దా కుమా కోడిపుంజు గోడెక్కింది చూడు."

ఆమె కిటికీ వైపు చూసింది. గోడ మీద పుంజు లేదు. టక్కుమని చిన్న చప్పుడయింది, రేల్యా పది దాకా లెక్కపెట్టి సూది తీశాడు. ఆనాటినుంచి ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే ఇదే తంతు. ప్రతిసారీ వాడు ఏదో ఒకటి చూడమంటాడు, ప్రతిసారీ ఆమె తెలిసి తెలిసీ చూస్తుంది.

ఇంట్లో తూకం లేదు. ఉండాల్సిన అవసరం కూడా లేదు, ఎందుకంటే మిలుంక పనే తూకం. పద్నాలుగు సీజన్లుగా ఓబ్రద్ అనే ఆసామి కొనుగోలు కేంద్రంలో తూకం దగ్గర నిలబడి, రైతులు తెచ్చిన రాస్ప్‌బెర్రీ డబ్బాల బరువు చీటీల మీద రాసిస్తుంది. సీజన్ అయిపోయాక కూడా షెడ్డు తాళంచెవి ఆమె దగ్గరే ఉంటుంది. సూది పడిన పది రోజులకి తల్లీకొడుకులిద్దరూ వెళ్ళి షెడ్డు తలుపు తీశారు. మిలుంక కోటు విప్పి, బూట్లు విప్పి, తూకం పళ్ళెం మీదకి ఎక్కింది. ఎర్ర అంకెలు కాసేపు ఊగి, నూట పదకొండు దగ్గర ఆగాయి.

"ఆరు కిలోలు!" మిలుంక మూడు వేళ్ళు కలిపి నుదుటి మీద, పొట్ట మీద, భుజాల మీద శిలువ గుర్తు వేసుకుంది. "పది రోజుల్లో ఆరు కిలోలురా!"

రేల్యా రైతు గొంతు పెట్టాడు. "ఏం మిలుంకమ్మా, మంచు తరుగు తీసేసే చెబుతున్నావా?"

ఇద్దరూ పగలబడి నవ్వారు. మంచు తరుగు అక్కడ అందరికీ తెలిసిన గొడవే. పళ్ళు పొద్దున్నే, మంచు ఆరకముందే కోస్తారు. నీళ్ళకి డబ్బెవరిస్తారంటాడు కొనేవాడు. ఎండ మండిపోయే రోజున మంచెక్కడిదంటాడు అమ్మేవాడు. ఏ కాలంలోనో వందకి మూడు కిలోలు అని ఒక తరుగు స్థిరపడింది, దాన్ని తిట్టుకుంటూనే అందరూ ఒప్పుకుంటారు. మంచున్నా లేకపోయినా తరుగు మాత్రం తప్పదు. ఆ రోజు ఆ మాట మీద అంత నవ్విన తల్లీకొడుకులకి ఒక్క క్షణం అనుమానం వచ్చి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది. రాలేదు.

చలికాలం మొదట్లో అంకెలు బాగానే దిగాయి. నూట ఎనిమిది, నూట అయిదు, నూట మూడు. డిసెంబరులో వాళ్ళింటి సెయింట్ నికోలా పండగకి మిలుంక ముప్పైమందికి చేపలు వేయించింది, తను మాత్రం ఉడికించిన గోధుమల్లో ఒకే ఒక్క చెంచా తిన్నది. ఆ గోధుమలు పండగనాడు సెయింట్ పేరు మీద తింటారు, చావింట్లో పోయినవాళ్ళ పేరు మీద తింటారు. చెంచాడైనా మింగకుండా ఉండకూడదు. రేల్యాకి ఆ చెంచా కూడా లెక్కే. వాడు రోజుకి ఇన్ని గ్లాసులని నీళ్ళు కొలుచుకుని తాగాలి, చీజ్ వద్దు, బంగాళదుంప వద్దు, ఉప్పు వద్దు. వాడికి ప్రాణమైన గిబానిత్స, ఆ పొరల చీజ్ రొట్టె, రెండేళ్ళుగా ఆ ఇంట్లో కాల్చలేదు. చిన్నప్పటినుంచి వాడికి అందులో మూల ముక్క కావాలి, నాలుగు మూలలూ వాడికే కావాలి.

"మనిద్దరం కలిపి కూడా ఒక మనిషి తిండి తినట్లేదమ్మా," అన్నాడు వాడు చుట్టాల మధ్య.

జనవరిలో అంకె నూట ఒకటి దగ్గర ఆగిపోయింది. వారం గడిచింది, నూట ఒకటే. ఇంకో వారం, మరో వారం. ఏడు వారాలు ఎర్ర అంకెలు ఆమెని వెక్కిరించాయి. మిలుంక రొట్టె పూర్తిగా మానేసింది, మంచులో కొండెక్కి దిగింది, షెడ్డుకెళ్ళేటప్పుడు చెవిపోగులు కూడా తీసి జేబులో వేసుకుంది. అంకె మాత్రం కదల్లేదు.

డాక్టర్ సెంకకి ఫోన్ చేసింది. బరువెంతో చెబితే చాలు, మందు సంగతి ఫోన్లోనే మాట్లాడుకునేవాళ్ళు, ఎందుకంటే రేల్యాని వదిలి ఉజిత్సె దాకా వెళ్ళడం ఆమెకి కుదరదు.

"ఈ మందు మీకు చెయ్యగలిగింది చేసేసింది మిలుంక గారూ. వేరేదానికి మారుద్దాం. ఇంకాస్త గట్టిది. ఊదారంగు మూత. కానీ మళ్ళీ అట్టడుగు డోసు నుంచి మొదలు. నాలుగేసి వారాలకోసారి పెంచుకుంటూ పోదాం."

"నేనిప్పుడు పై డోసులో ఉన్నాను కదండీ. ఇదీ పై డోసు నుంచే మొదలెడితే?"

"మీ కడుపు తట్టుకోదు. వాంతులతో ఆసుపత్రిలో పడతారు. పాతదాని అలవాటు కొత్తదానికి పనికిరాదు."

"నాకు టైము లేదు డాక్టరుగారూ."

"తెలుసు. అందుకే తొందరపడొద్దంటున్నాను," అంది డాక్టర్.

అలా నీలం పెన్ను పోయి ఊదా పెన్ను వచ్చింది. పాతది ఒంట్లోంచి దిగిపోతోంది, కొత్తది ఇంకా ఎక్కలేదు. ఆ మధ్య వారాల్లో ఆకలి తిరిగి వచ్చింది. నాలుగు నెలలు ఎక్కడ దాక్కుందో గానీ, ఆ నాలుగు నెలల బాకీ ఒకేసారి వసూలు చేయడానికి వచ్చినట్టు వచ్చింది. మిలుంక కల్లో కూడా రొట్టె కాల్చింది. ఒకరోజు తెలివొచ్చి చూసుకునేసరికి కొట్టుగదిలో నిలబడి, గరిటెతో కైమాక్ తింటోంది. పళ్ళెం సగం ఖాళీ. నోట్లో ఉన్నది ఉమ్మేసి, గది తాళం వేసి, తాళంచెవి తీసుకెళ్ళి గ్రోజ్దా చేతిలో పెట్టింది.

"ఇది నీ దగ్గరుంచు కుమా. నేను కాళ్ళు పట్టుకున్నా ఇవ్వకు."

గ్రోజ్దా దాన్ని తాడుకి కట్టి మెళ్ళో వేసుకుంది. మర్నాడు పొద్దున్నే మిలుంక గుమ్మంలో ఉంది.

"కుమా, తాళంచెవి."

"ఎందుకు?"

"ఉప్పు కావాలి."

"ఉప్పేగా, నేనిస్తాను."

"పిండి కూడా."

"నీ కొడుక్కి పిండి నేను పిసికి తెస్తాను. ఇంకా?"

మిలుంక గుమ్మానికి ఆనుకుంది. "కుమా, నాకు ఆకలేస్తోంది."

"వేస్తే వెయ్యనీ! దేవుడు నీకిచ్చిన కొవ్వుతో ఇంకో రెండు చలికాలాలు గడిచిపోతాయి. వెళ్ళు, వెళ్ళి వాడి మొహం చూడు, ఆకలి అదే చస్తుంది."

ఆ మూడు వారాలూ రోజుకి రెండుసార్లు ఇదే నాటకం. తాళంచెవి మాత్రం గ్రోజ్దా మెడ దిగలేదు. మార్చి ఆఖరికి డోసు పెరిగింది, ఆకలి అణిగింది. ఏప్రిల్లో ఇంకో డోసు పెరిగింది, అప్పుడు ఆకలి చచ్చేపోయింది. కాఫీ వాసన వస్తే కడుపులో తిప్పేది. రొట్టె నోట్లో పెట్టుకుంటే అట్టముక్క నమిలినట్టుండేది. ముప్పయ్యేళ్ళు వంటింట్లో గడిపిన మనిషికి తిండి మీద ధ్యాసే పోయింది. మిలుంకకి ఆ సంతోషం ఇంతా అంతా కాదు. అంకెలు దిగుతున్నాయి. తొంభై ఏడు. తొంభై అయిదు. తొంభై రెండు. స్కర్టులు జారిపోతుంటే తాడు కట్టుకుంది, కొత్తవి కుట్టించుకోలేదు.

ఊళ్ళో ఆడవాళ్ళు చర్చి మెట్ల మీద, "పాపం, కొడుకు బెంగతో చిక్కి సగమైపోయింది," అని చెవులు కొరుక్కున్నారు. బెంగతో ఎవరూ అంత చక్కగా చిక్కరని చెప్పే ఓపిక గ్రోజ్దాకే ఉంది, ఆవిడ చెప్పింది కూడా.

జూన్ మొదటి ఆదివారం షెడ్డులో ఎర్ర అంకెలు ఎనభై తొమ్మిది పాయింట్ ఎనిమిది దగ్గర ఆగాయి. రేల్యా తల్లిని తూకం మీదనే కౌగిలించుకున్నాడు, అంకెలు పిచ్చెక్కినట్టు ఎగిరాయి. వాడు అప్పటికి బాగా చిక్కిపోయాడు. వాడి చేతులు ఆమె వీపు మీద ఎంత తేలిగ్గా ఉన్నాయో చూసి ఆమె గుండె కలుక్కుమంది. కానీ ఇంకెన్నాళ్ళు, మూడు వారాలేగా అనుకుంది.

గురువారం ఇద్దరూ తెల్లవారుజాము బస్సుకి బెల్‌గ్రేడ్ వెళ్ళారు. నర్సు ఆమెని గోడవారనున్న తూకం ఎక్కించింది.

"తొంభై రెండున్నర పైన."

"కాదమ్మా, ఎనభై తొమ్మిదీ ఎనిమిది. మళ్ళీ చూడండి."

నర్సు మళ్ళీ చూసింది. పక్క గదిలో ఇంకో తూకం కూడా ఎక్కించింది. అదే. మిలుంక చెవిపోగులు తీసింది, మెడలో శిలువ తీసింది, జుట్టులో పిన్నులు కూడా తీసేసింది. నర్సు తల వంచుకుని ఆ పిన్నులన్నీ ఏరి తిరిగి ఆమె చేతిలో పెట్టింది.

సర్జన్ మంచివాడే. "బాగా దిగారు. ఇంకో రెండున్నర, అంతే. జులై తొమ్మిదో తారీఖున రండి. ఈ లోపల నేను సెలవు మీద వెళ్ళొస్తాను. అప్పటికి మీరు తప్పకుండా దిగుతారు," అన్నాడు. బస్సులో మిలుంక దారంతా కిటికీలోంచే చూసింది. రేల్యా ఆమె భుజం మీద తల పెట్టుకుని నిద్రపోయాడు, లేకపోతే నిద్రపోయినట్టు నటించాడు.

వారం తిరక్కుండా పళ్ళ సీజన్ మొదలైంది. ఓబ్రద్ షెడ్డు ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి. మొదటిరోజు మధ్యాహ్నం, బాగా ఎండలో, పై కొండ మీద ఉండే ముసలమ్మ స్తనీసియా తన డబ్బాలు తూకం మీద పెట్టించి గొడవకి దిగింది.

"మా ఇంట్లో తూస్తే సరిగ్గా వంద కిలోలే పిల్లా. ఇక్కడ తొంభై ఏడేంటి? దారిలో కాకులు తిన్నాయా?"

ఈ మాటకి జవాబు మిలుంకకి నిద్రలో లేపినా నోటికొస్తుంది. "మంచు తరుగు అత్తా. ఇదివరకు చీటీ మీద తీసేవాళ్ళం, ఇప్పుడు తీయక్కర్లేదు, మిషనే..."

నోరు అక్కడే ఆగిపోయింది.

మిషనే తీసేస్తుంది. రెండేళ్ళ క్రితం ఈ కొత్త తూకం వచ్చినప్పుడు, ప్రతి చీటీ మీదా లెక్కలు కట్టే పని తప్పుతుందని, వందకి మూడు దానంతటదే తగ్గించి చూపించేలా ఓబ్రద్ పెట్టించాడు. కాగితం చూసి బటన్లు నొక్కింది ఎవరో కాదు, ఆమే. పళ్ళు తూచేటప్పుడు అది అందరికీ తెలిసిన సంగతే. కానీ చలికాలంలో ఖాళీ షెడ్డులో, కొడుకు చెయ్యి పట్టుకుని ఎక్కినప్పుడు, అది ఆమెకి పళ్ళ తూకంలా కనబడలేదు. ఆమె ప్రాణానికి అది దేవుడి తూకంలా కనబడింది. పది రోజుల్లో ఆరు కిలోలని శిలువ వేసుకున్నప్పుడు అందులో సగానికి పైగా మంచే. ఒంటి మీద చుక్క మంచు లేని మనిషి బరువులోంచి, వారం వారం, మిషను మంచు తీసేస్తూ వచ్చింది.

"ఏమైందే పిల్లా? అలా పాలిపోయావేం?" అంది ముసలమ్మ. మిలుంక చీటీ రాసి ఇచ్చింది. వంద అని రాసింది. ముసలమ్మ చీటీ చూసి, మారుమాట్లాడకుండా గబగబా వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఆమె కొడుకు ముందు కూర్చుని అంతా చెప్పింది. ఏడుస్తూ చెప్పింది, తన నెత్తి మీద తనే కొట్టుకుంటూ చెప్పింది. "నా చేత్తో నేనే నొక్కానురా ఆ బటన్లు. ముందే తెలిస్తే ఇంకా కడుపు మాడ్చుకునేదాన్ని. డాక్టరు డోసు ముందే పెంచేది. జూన్‌కే దిగేదాన్ని. నీకు ఈపాటికి..."

రేల్యా మొహంలో ఒక్క క్షణం ఏదో కదిలింది. దాన్ని ఆమె చూసింది, బతికినన్నాళ్ళూ మర్చిపోలేదు. తర్వాత వాడు నవ్వాడు.

"అమ్మా, నువ్వు ఫస్ట్ క్లాస్ సరుకువి. నీ మీద తరుగు వేసిన వాణ్ణి కోర్టుకీడ్చాలి."

"నవ్వకురా, నీ కాళ్ళు మొక్కుతా."

"నవ్వక ఏం చెయ్యను? విను. ఈ సంగతి ఎవరికీ చెప్పకు. ముఖ్యంగా గ్రోజ్దా కుమాకి. ఊరు ఊరంతా పదేళ్ళు నవ్వుకుంటుంది. మనిద్దరి మధ్యే ఉండనీ. ఇంకో మూడు వారాలు, అంతేగా?"

అంతే. ఆ మూడు వారాలు మిలుంక మందుల షాపు తూకం తప్ప ఇంకో తూకం నమ్మలేదు. జులై మూడో తారీఖు పొద్దున ఆ తూకం ఎనభై తొమ్మిదీ ఏడు చూపించింది. షాపు అమ్మాయి చేత నాలుగుసార్లు చదివించుకుని, కాగితం మీద రాయించి, షాపు ముద్ర కూడా వేయించుకుని ఇంటికి పరిగెత్తింది.

ఆదివారం, అయిదో తారీఖు, చర్చి నుంచి వచ్చేసరికి రేల్యాకి చలిజ్వరం. చేతి నరం పాడై, డయాలసిస్ కోసం నెల కిందట మెడ దగ్గర పెట్టిన గొట్టం చుట్టూ ఎర్రగా ఉంది. గ్రోజ్దా మొగుడు కారు తీయడానికి వెళ్ళాడు. మిలుంక దుప్పటి, చెప్పులు, కాగితాలు చేతికందినవన్నీ సంచిలో కుక్కుతోంది.

"అమ్మా, ఇవాళ ఆదివారం. పెన్ను తీసుకురా."

"ఇప్పుడు పెన్నేమిట్రా! పద, కారొస్తోంది."

"గురువారం బెల్‌గ్రేడ్ వెళ్ళాలి. ఒక్క డోసు కూడా తప్పకూడదు. తీసుకురా."

ఆమె ఫ్రిజ్‌లోంచి ఊదా పెన్ను తెచ్చి మంచం అంచున కూర్చుంది. ఆమె పొట్ట మీద ఆనిన వేళ్ళు నిప్పుల్లా కాలుతున్నాయి.

"అటు చూడు," అన్నాడు. "పుంజు గోడెక్కింది."

ఆమె కిటికీ వైపు చూసింది. టక్కుమంది. వాడు పది దాకా లెక్కపెట్టాడు, మధ్యలో రెండుసార్లు ఊపిరి తీసుకోవాల్సొచ్చింది.

మంగళవారం పొద్దున్నే ఆసుపత్రిలో రేల్యా పోయాడు. రక్తంలోకి విషం ఎక్కిందన్నారు. రెండు రోజుల్లో బెల్‌గ్రేడ్ వెళ్ళాల్సిన మనిషి, రెండు రోజుల్లో మట్టిలోకి వెళ్ళాడు. గురువారం, తొమ్మిదో తారీఖు, సర్జన్ గదిలో మిలుంక పేరు పిలిచిన వేళకి ఆమె శ్మశానంలో కొడుకు పెట్టె మీద గుప్పెడు మన్ను వేసింది. ఎనభై తొమ్మిదీ ఏడు అని ముద్ర వేసిన కాగితం ఆమె నల్ల కోటు జేబులో ఉంది.

చావింటి భోజనాల దగ్గర ఉడికించిన గోధుమల గిన్నె మొదట ఆమె ముందుకే వచ్చింది. చెంచా నోట్లో పెట్టుకుంది. మింగుడు పడలేదు. కొడుకు పేరు మీద తినాల్సిన ఒక్క చెంచా, దాన్ని లోపలికి పంపడానికి ఆమెకి గ్లాసు నీళ్ళు పట్టాయి. పళ్ళేలు వచ్చాయి, వెళ్ళాయి. ఓబ్రద్ కుర్చీ పక్కన నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "కాస్త ఏదైనా తిను మిలుంకా," అన్నాడు. ఆయనకి ఏమీ తెలియదు. తెలిసిన ఇద్దరిలో ఒకడు మట్టిలో ఉన్నాడు.

"తల్లి కడుపు, అన్నం ఎలా దిగుతుంది," అనుకున్నారు ఆడవాళ్ళు. అది దుఃఖమో మందో ఆమెకే తెలియదు. ఆ తర్వాత రోజుల్లో కూడా ఆమెకి ఆకలి లేదు. గ్రోజ్దా పొద్దునా సాయంత్రం సూప్ తెచ్చి, ఎదురుగా కూర్చుని, నాలుగు చెంచాలు తాగించి వెళ్ళేది. ఆదివారాలు వచ్చాయి. మిలుంక పెన్నులు ముట్టుకోలేదు. ఫ్రిజ్‌లో ఇంకా మూడున్నాయి, తలుపు తీసినప్పుడల్లా కనబడతాయి. పొడిచేవాడు లేడు, పొడుచుకోవడానికి కారణమూ లేదు. కానీ ఒక విషయం ఆమె గ్రోజ్దాకి కూడా చెప్పలేదు. ఆకలి వేయని ప్రతి రోజూ, పొట్ట మీద వాడి వేళ్ళు ఆనినచోట చెయ్యి పెట్టుకునేది. వాడు ఎక్కించిన మందు ఇంకా లోపల ఉంది. వాడు తనకి చేసిన ఆఖరి పని ఇంకా జరుగుతూనే ఉంది. ఆ ఒక్క ఊహ పట్టుకునే ఆమె మంచం మీంచి లేవగలిగింది.

నలభై రోజులకి సమాధి దగ్గర కార్యం చేస్తారు. పోయినవాడికి ఇష్టమైనవన్నీ వండి తీసుకెళ్ళి, సమాధి మీద గుడ్డ పరిచి వడ్డించి, వచ్చినవాళ్ళందరూ అక్కడే తింటారు. వంటంతా గ్రోజ్దాయే చేసింది. ఆగస్టు ఎండ ఎర్రగా కాస్తోంది, పక్క తోటలో పళ్ళ కాలం అయిపోయి పొదలు ఎండుతున్నాయి. ఫాదర్ ప్రార్థన ముగించి ధూపం తిప్పాడు. గ్రోజ్దా బుట్ట మీద తువ్వాలు తీసింది. లోపల గిబానిత్స ఉంది. పొద్దున పొయ్యిలోంచి తీసింది, అంచులు కరకరలాడుతూ, చీజ్ ఇంకా వెచ్చగా. రెండేళ్ళుగా ఆ ఇంటి మనిషికి వద్దన్న తిండి. ఇప్పుడు వాడికి ఏదీ వద్దనక్కర్లేదు.

ఆ వాసన మిలుంక మొహానికి తగిలింది. ఆమె కడుపులో ఏదో కదిలింది. ఒక్కసారి ముడుచుకుని, తెరుచుకుని, పెద్ద చప్పుడు చేసింది. పక్కనున్న ఆడవాళ్ళు కూడా విన్నారు. నోట్లో నీళ్ళూరాయి.

మిలుంక రెండు చేతులతో పొట్ట పట్టుకుంది, లోపలినుంచి ఎవరో జారిపోతుంటే పట్టుకున్నట్టు.

"ఏమైంది కుమా? నొప్పా?" గ్రోజ్దా బుట్ట వదిలేసి వచ్చింది.

మిలుంక తల అడ్డంగా ఊపింది.

"కుమా... నాకు ఆకలేస్తోంది."

గ్రోజ్దాకి ఆదివారాల సంగతి తెలుసు. పుంజు సంగతి తెలుసు. అంతకంటే వివరంగా ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఆవిడ వంగి, కత్తి తీసుకుని, గిబానిత్సలో మూల ముక్క కోసింది. మిలుంక చేతిలో పెట్టి, ఆ చేతిని తన రెండు చేతుల మధ్య పట్టుకుంది.

మిలుంక కొడుకు సమాధి పక్కన నిలబడి, వెక్కివెక్కి ఏడుస్తూ, ఆ ముక్క మొత్తం తిన్నది. అంచు కరకరలాడింది. ఉప్పు సరిగ్గా సరిపోయింది. నలభై రోజుల్లో మొదటిసారి తిండి రుచిగా ఉంది, అది ఆమె తట్టుకోలేకపోయింది. తినడం ఆపలేక, గ్రోజ్దా వైపు ఖాళీ చెయ్యి మళ్ళీ చాపింది.